సరిహద్దుకు వెయ్యి కిలోమీటర్ల దూరాన మన దగ్గర ఇన్ని ఎయిర్ బేస్‌లు ఎందుకు?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది ఆలేరు దగ్గర పల్లె. వానలు తగ్గాక పొద్దున ఏడు కొట్టేసరికి చిన్న విమానాలు మొదలవుతాయి, మీ చేను మీదే గుండ్రంగా తిరుగుతాయి, ఒక్కోసారి శబ్దం ఆగిపోయి కిందికి పడిపోతున్నట్టు కనిపిస్తే మీ నాయనమ్మ భయపడి ఇంట్లోకి పోతుంది. పాకిస్తాన్ సరిహద్దు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే, చైనా ఇంకా దూరం. మరి దుండిగల్, హకీంపేట్, బేగంపేట్, బీదర్ అంటూ ఇన్ని ఎయిర్ బేస్‌లు మన చుట్టూ ఎందుకు, వీటిని సరిహద్దుకు మారిస్తే దేశానికి మేలు కదా, రేపు యుద్ధమొస్తే వీటి వల్ల మన మీద బాంబులు పడవా అని అడిగావు.

సూటిగా చెప్తాను. సరిహద్దులో ఉన్న బేస్ యుద్ధం చేస్తుంది, మన దగ్గరున్న బేస్ యుద్ధం చేసే మనిషిని తయారుచేస్తుంది. ఈ రెండో పని సరిహద్దు పక్కన కూర్చుని చేసేది కాదు. దానికి దూరం కావాలి, మంచి వాతావరణం కావాలి, తప్పు చేసినా పెద్ద ప్రమాదం లేని ఆకాశం కావాలి. అవన్నీ దక్కన్‌లో ఉన్నాయి కాబట్టే ఈ బేస్‌లు ఇక్కడున్నాయి. బాంబుల సంగతి కింద విడిగా రాస్తాను, దానికి ఒక్క మాటలో జవాబు లేదు.

నేను వైమానిక దళంలో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి సార్జెంట్‌గా బయటికొచ్చాను. పైలట్‌ను కాదు. విమానం బాడీ, కంట్రోల్స్, చక్రాలు, బ్రేకులు, హైడ్రాలిక్స్, ఇవీ నా పనులు. మాది నకిరేకల్ దగ్గర. బెళగావి పక్కన సాంబ్రాలో రిక్రూట్ ట్రైనింగ్, చెన్నై తాంబరంలో ట్రేడ్ నేర్చుకోవడం, మొదటి పోస్టింగ్ హకీంపేట్‌లో కిరణ్ అనే శిక్షణ జెట్‌ల మీద, ఆ తర్వాత పశ్చిమ సరిహద్దులో ఒక బేస్‌లో మిగ్-21 ఫైటర్ల మీద. రెండు రకాల బేస్‌లూ చేతులతో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందు ఎయిర్ బేస్ అంటే ఏంటో చెప్పాలి. బయటి నుంచి చూసేవాళ్లకు ఒక గోడ, లోపల రన్‌వే, పైన విమానం. కానీ విమానం అరగంటో ముప్పావుగంటో గాలిలో ఉండి రావడానికి కింద ఎన్ని గంటల పని ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. పైకి లేచేముందు ఫ్రేమ్, ఇంజిన్, ఎలక్ట్రికల్, రేడియో, ఆయుధాలు, ఒక్కో ట్రేడ్ వాళ్లు వేరువేరుగా చూసి ఫారం 700 అనే పుస్తకంలో సంతకం పెట్టాలి. అన్ని సంతకాలూ అయ్యాక చివరిగా పైలట్ చూసి తన సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఇవి కాక ఇంధనం నింపే ఆయిల్ బౌజర్, మంటలార్పే ఫైర్ టెండర్, విమానాలకు రేడియోలో దారి చెప్పే ఏటీసీ, వాతావరణ విభాగం, రాడార్, పక్షులను తోలేవాళ్లు, గోడ మీద కాపలా, వంటశాల, ఆస్పత్రి. ఒక్క విమానాన్ని ఒక్కసారి ఎగరేయడం ఎవరైనా చేస్తారు. రోజూ, పగలూ రాత్రీ, వాన పడ్డా, దెబ్బ తగిలినా మళ్లీ మళ్లీ ఎగరేయగలగడమే బేస్ పని. దేశ రక్షణలో దాని పాత్ర అంతా ఇందులోనే ఉంది.

పొద్దున మొదటి పని ఏంటో తెలుసా? నడక. భుజం భుజం ఆనించి వరుసగా నిలబడి, తల వంచుకుని, విమానాలు నిలిపే టార్మాక్ మీద ఈ చివర నుంచి ఆ చివర వరకు నడుస్తాం. రాయి, మేకు, స్క్రూ, వైరు ముక్క ఏది కనిపించినా ఏరి జేబులో వేసుకోవాలి. దీన్ని ఎఫ్‌ఓడీ వాక్ అంటారు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం చూసే పెరిగాం కదా, అదే పని, చేట ఒకటే పెద్దది. జెట్ ఇంజిన్ గాలితో పాటు కిందున్న రాయినీ లాక్కుంటుంది. లోపల బ్లేడుకు తగిలితే ఇంజిన్ పోయినట్టే, ఒక్కోసారి మనిషీ పోయినట్టే.

హకీంపేట్‌లో నాకు జరిగినది ఒకటి చెప్తాను. కిరణ్ కాక్‌పిట్‌లో రడర్ పెడల్స్ దగ్గర ఒక నట్టుకు లాకింగ్ వైర్ కట్టాను. నట్టు వదులవ్వకుండా సన్న తీగ మెలిపెట్టి కట్టి, మిగిలిన కొసలు కత్తిరించేస్తాం. రెండు కొసలు కత్తిరించాను, చేతికి ఒకటే వచ్చింది. రెండోది గోరంత ముక్క, ఎటు పడిందో కనబడలేదు. సాయంత్రం ఆరైంది. మర్నాడు పొద్దున మొదటి ఫ్లయింగ్‌లో ఆ విమానం ఉంది. మా పై వారెంట్ ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు, ఫారం 700 తెప్పించి రాసి విమానాన్ని ఆపేశారు. ఆర్మమెంట్ వాళ్లు వచ్చి ఎజెక్షన్ సీటు పిన్నులు పెట్టి, సీటు బయటికి తీశారు. టార్చి, చిన్న అద్దం పట్టుకుని వెతుకుతూనే ఉన్నాం. రాత్రి పదకొండున్నరకు కంట్రోల్ స్టిక్ అడుగున ఉండే తోలు తొడుగు మడతలో దొరికింది. అక్కడే ఎందుకు భయమంటే, శిక్షణలో విమానాన్ని తలకిందులు చేస్తారు. అప్పుడు ఆ ముక్క గాల్లో తేలి ఏ సందులోనైనా ఇరుక్కుంటుంది. స్టిక్ అర అంగుళం కదలకపోయినా చాలు. లోపల 20, 21 ఏళ్ల పిల్లాడు, పక్క సీట్లో వాడి టీచర్. ఆ రాత్రి తర్వాత నేను కొస చేత్తో పట్టుకోకుండా వైరు కత్తిరించలేదు, రిటైరయ్యేదాకా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, బేస్ యుద్ధంలో ఎందుకంత ముఖ్యం. శత్రువు మొదటి దెబ్బ వేసేది దాని మీదే కాబట్టి. 1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టు బేస్‌ల మీద ఒక్క పూటలో పడి సుమారు 300 విమానాలను ఎక్కువ శాతం నేల మీదే కాల్చేసింది. మనకూ ఆ దెబ్బ తగిలింది. 1965 సెప్టెంబరు 6 సాయంత్రం పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు పఠాన్‌కోట్ మీదికొచ్చేసరికి మన విమానాలు బయట బారుగా నిలబెట్టి ఉన్నాయి, పది దాకా అక్కడికక్కడే కాలిపోయాయి. మర్నాడు బెంగాల్‌లోని కలైకుండా బేస్‌లోనూ దాదాపు అదే కథ. ఆ పాఠం నేర్చుకుని ఒక్కో విమానానికి విడివిడిగా మందపాటి గోడల బ్లాస్ట్ పెన్‌లు కట్టారు, విమానాలను ఒకచోట కాకుండా చెదరగొట్టి పెట్టడం మొదలుపెట్టారు. అందుకే 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మళ్లీ అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ లాంటి బేస్‌ల మీద దాడి చేసినా పెద్దగా పీకిందేమీ లేదు, ఆ రాత్రే మన విమానాలు ఎదురు దెబ్బకు లేచాయి.

అదే యుద్ధంలో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా చూడు. అక్కడి తేజ్‌గావ్ రన్‌వేని మన మిగ్-21లు గుంటలు పెట్టేశాయి. డిసెంబరు మొదటి వారం దాటకుండానే అక్కడి పాకిస్తాన్ సేబర్లు పనికిరాకుండా పోయాయి. విమానాలు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, పెట్రోలు ఉంది, లేవడానికి దారి లేదు. మరోవైపు మన భుజ్‌లో రన్‌వే మీద బాంబులు పడితే పక్కనున్న మాధాపర్ గ్రామం నుంచి 300 మంది ఆడవాళ్లు వచ్చి 72 గంటల్లో దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేశారు. సైరన్ మోగితే పరుగెత్తి పొదల్లో దాక్కోవడం, ఆగితే మళ్లీ వచ్చి పని పట్టుకోవడం. నేను సర్వీసులో ఎన్ని లెక్చర్లు విన్నానో గుర్తులేదు గానీ, బేస్ అంటే ఏంటో ఆ ఆడవాళ్ల పనిని మించి చెప్పేది నాకు కనపడలేదు.

రన్‌వే విలువ మన ఊళ్లవాళ్లకు 1948లోనే తెలిసింది, మనం మర్చిపోయాం. హైదరాబాద్ సంస్థానానికి నాలుగు వైపులా భారత భూభాగమే, సముద్రం లేదు. బయటి నుంచి ఆయుధాలు రావాలంటే ఆకాశం ఒక్కటే దారి. సిడ్నీ కాటన్ అనే ఆయన విమానాలు కరాచీ నుంచి తుపాకులు మోసుకొచ్చి దిగింది బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డ్‌ల్లోనే. సెప్టెంబరులో పోలీసు చర్య మొదలై భారత సైన్యం విజయవాడ వైపు నుంచి మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి మీదుగా వచ్చింది. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను నిజాం సైన్యం పేల్చేసిపోతే దాన్ని బాగుచేసుకుని ముందుకు కదిలింది. మా తాత ఆ రోజుల్లో పైన తిరిగిన విమానాల గురించి చెప్పేవాడు, పశువులు తాళ్లు తెంపుకున్నాయని. మనకు అదే మొదటి విమానం చప్పుడు.

సరే, ఇప్పుడు నీ అసలు ప్రశ్న. శిక్షణ ఇక్కడే ఎందుకు?

ఒకటి వాతావరణం. ఉత్తరాన డిసెంబరు, జనవరిలో పొగమంచు కమ్మితే పొద్దెక్కేదాకా రన్‌వే కనబడదు, ఒక్కోసారి రోజుల తరబడి ఎగరడం కుదరదు. కొత్తగా నేర్చుకునేవాడికి వారం గ్యాప్ వస్తే చెయ్యి మర్చిపోతుంది. మన దగ్గర వానాకాలంలో కొన్ని రోజులు తీసేస్తే ఏడాది పొడుగునా ఎగరొచ్చు. రెండు, నేల. కొండలు తక్కువ, గట్టి నేల, ఇంజిన్ ఆగితే దింపుకోవడానికి బీళ్లు. మూడోది అన్నిటికన్నా పెద్దది. నేర్చుకునేవాడు దారి తప్పుతాడు. ఇక్కడ తప్పితే జనగామ మీదికో సిద్ధిపేట మీదికో పోతాడు, ఏటీసీ వాళ్లు పిలిచి వెనక్కి తెస్తారు. సరిహద్దు పక్కన తప్పితే పరాయి దేశం ఆకాశంలో ఉంటాడు. పైగా అక్కడ ఆకాశమంతా నిఘా విమానాలు, ఫైటర్లు, రాడార్లతో నిండి ఉంటుంది, మధ్యలో 70, 80 మంది కుర్రాళ్లను గుండ్రంగా తిప్పే చోటు ఎక్కడుంది?

1965 యుద్ధం అయిన రెండేళ్లకు, 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి శంకుస్థాపన చేశారు, 1971లో అది పని మొదలుపెట్టింది. 2013 నుంచి దేశంలో ఎయిర్ ఫోర్స్ పైలట్ అయ్యేవాళ్లు మొదటి పాఠాలు నేర్చుకున్నది పిలాటస్ పీసీ-7 అనే చిన్న శిక్షణ విమానం మీద. నీ చేను మీద తిరిగేది చాలావరకు అదే, ముందు పంకా ఉంటుంది చూడు. అది బాగా చేసినవాళ్లను మూడు దారుల్లో పంచుతారు. ఫైటర్‌కు పోయేవాళ్లకు హకీంపేట్, ఆ తర్వాత బీదర్‌లో హాక్ జెట్. హెలికాప్టర్ వాళ్లకు తర్వాతి బడి హకీంపేట్. సరుకు రవాణా విమానాల వాళ్లు బెంగళూరు దగ్గరి యలహంక. ఆ తర్వాతే సరిహద్దు స్క్వాడ్రన్. 2016 జూన్ 18న దేశంలో మొట్టమొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ భుజాన పట్టీ వేసుకుంది దుండిగల్ పరేడ్ గ్రౌండ్‌లోనే.

ఈ గొలుసులో ఒక్క కడియం తెగితే సరిహద్దులో తెలుస్తుంది, కొంచెం ఆలస్యంగా. ఇది నేను చూసిన సంగతి. మా రోజుల్లో మొదటి బడి హెచ్‌పీటీ-32 దీపక్ అనే పంకా విమానం మీద. దానికి ఇంజిన్ ఆగిపోయే జబ్బు ఉండేది. 2009 జులై చివర్లో ఒక ప్రమాదంలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పోయాక దాన్ని ఆపేశారు. దాని బదులు ఇంకోటి చేతిలో లేదు. దాంతో అక్షరాలు దిద్దాల్సిన పిల్లల్ని నేరుగా కిరణ్ జెట్ ఎక్కించాల్సి వచ్చింది, ఆ కిరణ్‌లూ అప్పటికే వయసు మీరినవి. 2013లో పీసీ-7 వచ్చేదాకా నాలుగేళ్లు అలాగే నడిచింది. రెండో ఉదాహరణ ఇంకా బాధాకరం. కిరణ్ నెమ్మదైన విమానం, క్షమిస్తుంది. దాని మీద నుంచి దిగిన కుర్రాడు నేరుగా మిగ్-21 ఎక్కేవాడు. అది నేలకు దిగేటప్పుడే గంటకు 300 కిలోమీటర్ల దగ్గర వేగంలో ఉంటుంది, ఆలోచించుకునే టైమ్ ఇవ్వదు. మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని లా ఫాంటైన్ కమిటీ 1982లోనే చెప్పింది. హాక్ కోసం ఒప్పందం 2004లో, బీదర్‌లో అది చేరింది 2008లో. మధ్యలో పావు శతాబ్దం. ఆ పావు శతాబ్దంలో పోయిన కుర్రాళ్లందరికీ అదే కారణం అనను, ఇంజిన్‌లు ఉన్నాయి, పక్షులు ఉన్నాయి, మాలాంటి వాళ్ల తప్పులూ ఉంటాయి. కానీ మెట్టు లేని చోట దూకమన్నాం, అది నిజం. అందుకే ట్రైనింగ్ బేస్‌ను ఎవరైనా "అసలు యుద్ధానికి పనికిరానిది" అంటే నాకు మనసులో కలుక్కుమంటుంది.

ఇంకో విషయం, ట్రైనింగ్ యూనిట్ అంటే యుద్ధానికి దూరం అనుకోవద్దు. 1971 డిసెంబరు 5న రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలాలో పాకిస్తాన్ ట్యాంకులను ఇసుకలో ఆపేసిన హంటర్ విమానాలు జైసల్మేర్ నుంచి లేచాయని అందరూ చెప్తారు. ఆ విమానాలు, పైలట్లు జామ్‌నగర్‌లోని శిక్షణ యూనిట్ నుంచి వచ్చినవాళ్లని తక్కువమందికి తెలుసు. పాఠం చెప్పే టీచర్లే పోయి యుద్ధం చేశారు.

నా సొంత అనుభవం ఒకటి. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యమంతా సరిహద్దుకు కదిలింది, నెలల తరబడి. మేము అప్పటికే అక్కడే ఉన్నాం. రాత్రికి రాత్రి బేస్ ముఖం మారిపోయింది. లైట్లు బంద్, విమానాలు ఒక్కోటి ఒక్కో పెన్‌లోకి, పక్కనే గుంటలు, మా పడక కూడా పెన్ పక్కనే టెంట్‌లో. రన్‌వే చివర రెండు మిగ్-21లు ఎప్పుడూ మిసైళ్లతో సిద్ధం, పైలట్లు జీ-సూట్ వేసుకునే కూర్చునేవాళ్లు, సైరన్ మోగితే నిమిషాల్లో గాలిలో ఉండాలి. ఎడారి చలి ఎముకలు కొరికేది. చలికి రబ్బరు సీళ్లు ముడుచుకుపోయి హైడ్రాలిక్ ఆయిల్ చుక్కలు కారేవి. తెల్లవారుజామున టార్చి నోట్లో పెట్టుకుని కింద పడుకుని నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టేవాళ్లం, హద్దులో ఉంటే సరే, దాటితే సీలు మార్చడమే. వేళ్లకు స్పర్శ ఉండేది కాదు.

ఒక రోజు తెల్లవారుజామున పైలట్‌కు స్ట్రాప్‌లు బిగిస్తున్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, "హకీంపేట్‌లో కిరణ్ మీద నా మొదటి సోలోకి స్ట్రాప్ బిగించింది మీరే కదా" అన్నాడు హిందీలో. నాకు గుర్తు రాలేదు. అక్కడ ఎంతమంది కుర్రాళ్లకు బిగించానో. ఆయనకు మాత్రం గుర్తుంది, నేను ఎడమ భుజం స్ట్రాప్ రెండుసార్లు లాగి చూస్తానని, అప్పుడూ అలాగే లాగానని. మూడేళ్ల కింద పక్కన టీచర్ లేకుండా ఒక్కడే లేవడానికి వణికిన మనిషి ఇప్పుడు నిజం మిసైళ్లతో కూర్చున్నాడు. మన ఆకాశం ఏ పని చేస్తుందో ఆ పూట నాకు అర్థమైంది. ఆయన క్షేమంగానే తిరిగొచ్చాడు, అన్ని రోజులూ.

ఇప్పుడు బాంబులు మన మీద పడవా అన్న దానికి. అబద్ధం చెప్పను, మిసైళ్ల కాలంలో దేశంలో ఏ మూలా పూర్తి భద్రం కాదు. హైదరాబాద్ చుట్టూ బేస్‌లే కాదు, కంచన్‌బాగ్‌లో డీఆర్డీఓ ల్యాబ్‌లు, ఆకాశ్ మిసైళ్లు తయారుచేసే బీడీఎల్, మౌలాలిలో అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ ఉన్నాయి. ఎయిర్ బేస్ ఒక్కటి తీసేస్తే మనం శత్రువు లెక్కలోంచి పోము. 2025 మే 7న, ఆపరేషన్ సిందూర్ రోజే, హైదరాబాద్‌లో ఆపరేషన్ అభ్యాస్ పేరుతో సైరన్లు మోగించి డ్రిల్ చేసింది అందుకే. కానీ దూరం టైమ్ ఇస్తుంది. సరిహద్దు బేస్ మీదికి శత్రు విమానం నిమిషాల్లో వస్తుంది, మన దాకా రావాలంటే మధ్యలో ఎన్నో రాడార్లు, మిసైల్ యూనిట్లు, ఫైటర్ బేస్‌లు దాటాలి. ఆపరేషన్ సిందూర్ జరిగిన నాలుగు రోజుల్లో పాకిస్తాన్ డ్రోన్లు, మిసైళ్లు ఎక్కువగా గురిపెట్టింది పశ్చిమ బేస్‌లనే. ఉధంపూర్, పఠాన్‌కోట్, ఆదంపూర్, భుజ్‌లలో కొంత నష్టం జరిగిందని ప్రభుత్వమే చెప్పింది. 32 విమానాశ్రయాలు మూసేశారు, వాటిలో మనది లేదు. తర్వాత మే 13న ప్రధాని ఆదంపూర్ బేస్‌కే పోయి దిగారు. ఆదంపూర్‌ను ధ్వంసం చేశామని చెప్పుకున్నవాళ్లకు ఆ రన్‌వే మీద దిగిన విమానమే జవాబు.

బేస్‌లన్నీ సరిహద్దుకు మార్చకపోవడానికి కూడా ఇదే కారణం. అన్ని గుడ్లూ ముందు వరుసలో పెడితే 1965 సెప్టెంబరు మళ్లీ వస్తుంది. వెనక లోతు ఉండాలి. మొదటి దెబ్బ తిన్నా మళ్లీ మనుషులు, విమానాలు, విడిభాగాలు వెనక నుంచి రావాలి. శిక్షణ చూసే కమాండ్ బెంగళూరులో, రిపేర్లు, విడిభాగాలు చూసే కమాండ్ నాగపూర్‌లో పెట్టింది ఊరికే కాదు. ఇప్పుడు రోడ్లు కూడా రన్‌వేలవుతున్నాయి. ఆంధ్రాలో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్లు అలా కట్టి ఫైటర్లతో ట్రయల్ చేశారు. బేస్ దెబ్బతింటే ఇంకో చోటు ఉండాలని.

మీ ఊరివాళ్లకు పనికొచ్చేవి కొన్ని చెప్తాను, ఇవి ఎవరూ చెప్పరు.

2018 నవంబరులో మీ దగ్గర్లోనే, యాదగిరిగుట్ట మండలం బాహుపేట దగ్గర కిరణ్ విమానం పడింది, ట్రైనీ ప్యారాచూట్‌తో బయటపడ్డాడు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర పీసీ-7 పడి ఇద్దరూ పోయారు. అలాంటిది ఎప్పుడైనా జరిగితే గుమిగూడొద్దు, ఏ ముక్కా ముట్టుకోవద్దు. ఎజెక్షన్ సీటులో పేలుడు మందు ఉంటుంది, పేలకుండా మిగిలినది ఉంటే చేయి పోతుంది. 112కు ఫోన్ చేయండి, పైలట్ కనబడితే లేపి కూర్చోబెట్టొద్దు, వెన్నుకు దెబ్బ తగిలి ఉండొచ్చు, ఉన్నచోటే కదలకుండా నీడ పట్టండి. విడిభాగాలు జ్ఞాపకంగా ఇంటికి తీసుకుపోయేవాళ్లుంటారు, ఆ ముక్కే ప్రమాదానికి కారణం ఏంటో చెప్పేది కావచ్చు.

కోళ్ల ఫారాల సంగతి. భువనగిరి, చౌటుప్పల్ వైపు ఎన్ని ఫారాలున్నాయో నీకే తెలుసు. చచ్చిన కోళ్లు, చికెన్ షాపుల వ్యర్థం రోడ్డు పక్కన పారబోస్తే గద్దలు చేరతాయి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పశువధ, చెత్త పారబోయడం కూడదని రూలే ఉంది. మీ ఊరు ఆ హద్దులో ఉండదు, కానీ శిక్షణ విమానం తక్కువ ఎత్తులో తిరిగేది మీ మీదే, గద్దకు హద్దు తెలియదు. కిలో బరువున్న గద్ద అంత వేగంలో అద్దానికి తగిలితే రాయి తగిలినట్టే. గుంట తీసి పూడ్చండి, అరగంట పని. పెళ్లిళ్లలో డీజే లేజర్ లైట్లు ఆకాశంలోకి కొట్టొద్దు, రాత్రి ఫ్లయింగ్‌లో పైలట్ కళ్లు క్షణం చీకట్లవుతాయి. డ్రోన్‌తో పెళ్లి వీడియో తీసేవాళ్లు ముందు మ్యాప్‌లో ఆ చోటు డ్రోన్ ఎగరేయకూడని రెడ్ జోనా కాదా చూసుకోవాలి.

నువ్వు ఏ బేస్‌లో ఎన్ని విమానాలు, గోడ ఎక్కడ తక్కువ ఎత్తు అని కూడా అడిగావు. అది చెప్పను, నువ్వూ ఎవరినీ అడగొద్దు. ఊరికే తెలుసుకోవాలని అడిగావని తెలుసు. కానీ ఇక్కడ రాసింది నీకొక్కడికే కాదు కదా. 2016 జనవరి 2న పఠాన్‌కోట్‌లో గోడ దాటి వచ్చినవాళ్ల చేతిలో ఏడుగురు భద్రతా సిబ్బంది పోయారు, గోడ గురించిన మాట అంటే మాకు అంత భయం.

చివరిగా మీ నాయనమ్మ సంగతి. శబ్దం ఆగి విమానం పడిపోతున్నట్టు కనిపించడం ఇంజిన్ చెడిపోయి కాదు. పైనున్న టీచర్ కావాలనే ఇంజిన్ తగ్గించి, "ఇప్పుడు ఇంజిన్ పోయింది, ఏ చేనులో దింపుతావో చూపించు" అని కుర్రాడిని అడుగుతాడు. వాడు కిందికి చూసి బీడు వెతుక్కుంటాడు, చెట్లు, కరెంటు తీగలు, బావులు లేని చోటు, గుండ్రంగా దిగుతూ వస్తాడు. దింపగలడని టీచర్‌కు నమ్మకం కుదిరాక మళ్లీ పవర్ పెంచి పైకి తీసుకుపోతాడు. అప్పుడు ఒక్కసారిగా చప్పుడు వస్తుంది చూడు, అదే. ఈసారి అలా అయినప్పుడు ఆమెను బయటికి పిలిచి, కిందికి దిగేటప్పటి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టమను. చప్పుడు మళ్లీ వచ్చేదాకా పక్కనే నిలబడు.